ఇసక పట్టు

ఆయన పోయాడని నాకు పైలింగ్ పనివాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఫోటో పెట్టారు. తెల్ల చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు, ఫోటో తీస్తున్నవాడిలో కూడా తప్పు వెతుకుతున్న చూపు. కింద "మహానుభావుడు" అని ఒకరు, "దేవుడిలాంటి మేస్త్రిగారు" అని ఇంకొకరు, "మా గురువు" అని మరొకరు. ఆ రాసినవాళ్ళలో నలుగురైనా ఆయన మాటలు పడలేక పని మానేసి దుబాయి, మస్కట్ పోయినవాళ్ళే. అక్కణ్ణుంచి దండాల బొమ్మలు పంపారు. నేనూ ఒక దండం పెట్టాను. పెట్టి, ఫోన్ జేబులో వేసుకుని, ప్లేటులో ఉన్న ఇడ్లీ పూర్తిగా తినేశాను.

దేవుడూ కాదు, మహానుభావుడూ కాదు. దుర్మార్గుడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న పద్ధతిని ఆయన ఎప్పుడూ పాటించలేదు. తోటి మేస్త్రి ఒకాయన గుండెపోటుతో పోతే చూడ్డానికి వెళ్ళి, శవం పక్కనే నిలబడి, "ఈయన వేసిన స్తంభాలు ఇంకా దిగుతానే ఉన్నాయండి. పాపం, ఈయనే ముందు దిగిపోయేరు" అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగారు. అలాంటివాడికి నేను మాత్రం లేని మంచితనం ఎందుకు అంటగట్టాలి?

మా కోనసీమలో "అండి" లేకుండా కుక్కని కూడా అదిలించరని బయటివాళ్ళు వేళాకోళం చేస్తారు. ఆయన ఆ అండితోనే కొట్టేవాడు. నేను ఆయన దగ్గర పనిచేసిన ఏడాదిన్నరలో ఒక్కరిని "నువ్వు" అనగా వినలేదు. ఒక్క బూతు మాట వినలేదు. బరువులు దించే వించి తిప్పేవాడి చెయ్యి జారి తాడు వదిలేస్తే, దగ్గరకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "తమరు బాగా అలిసిపోయేరండి. ఇంటికి దయచేసి పడుకోండి. రేపూ పడుకోండి. ఎల్లుండీ పడుకోండి" అన్నాడు. ఆ మనిషికి పని పోయిందని అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యేలోపు అందరూ నవ్వేశారు. ఆయన మాత్రం నవ్వలేదు. నవ్వకపోవడమే ఆయన పద్ధతి.

ఆయన "ఆయ్" గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మావాళ్ళు మాటకి ముందూ వెనకా ఆయ్ అంటారని అందరికీ తెలుసు. కానీ అన్ని ఆయ్‌లూ ఒకటి కావు. చెప్పింది ఒప్పుకున్నప్పుడు అనే ఆయ్ ఒకటి, తల ఊపుతూ, మనిషి వైపు చూస్తూ. మీరు చెప్పింది నా చెవిన పడింది, ఇక మీ ఖర్మ అనే ఆయ్ ఇంకొకటి. రెండోది అన్నప్పుడు ఆయన తువ్వాలు దులిపి భుజం మార్చుకునేవాడు. సైటులో మట్టి మోసే ఆడకూలీలకు కూడా ఆ తేడా తెలుసు. రాజోలు పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియదని ఎవరూ అనలేరు.

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బరువైన కట్టడం లేపేటప్పుడు భూమిలోకి గుండ్రంగా, చాలా లోతుగా గొయ్యి తవ్వి, ఇనప కడ్డీలు దించి, కాంక్రీటు నింపుతారు. దాన్నే పైల్ అంటారు. మిగతా ఊళ్ళలో అయితే అడుగున రాయి తగులుతుంది, పైల్ దాని మీద కాలూని నిలబడుతుంది. మా దగ్గర రాయి ఎక్కడిది? గోదావరి తెచ్చి పోసిన ఇసకే, ఎంత దిగినా ఇసకే. కాబట్టి పైల్ నిలబడేది ఒంటితో. చుట్టూ ఉన్న ఇసక దాని ఒంటిని గట్టిగా పట్టుకోవాలి. ఆ రాపిడే దాని ప్రాణం. ఇంజనీర్లు దానికి ఏవేవో పేర్లు చెబుతారు. ఆయన "పట్టు" అనేవాడు, అంతే.

తవ్విన గొయ్యిలోంచి పైకి వచ్చిన ఇసకని చిటికెడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేవాడు. కళ్ళు మూసుకునేవాడు. గరగరమంటే "పలికేరండి" అనేవాడు. ఒండ్రు కలిసి మెత్తగా ఉంటే "ఈవిడ మూగండి, ఇంకా కిందకి పోవాలి" అనేవాడు. ఇసకకీ, పైల్‌కీ కూడా మర్యాదే. "ఈయన నిలబడ్డారండి", "ఆయన కుంచెం ఒంగేరండి" అని స్తంభాల గురించి చెబుతుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో పెద్దమనుషుల గురించి మాట్లాడుతున్నాడనుకునేవారు.

నేను కొత్తగా వెళ్ళిన రోజు. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో అందరికంటే ముందు ఇంజనీరింగ్ చదివింది నేను. అమ్మ ప్రార్థన చేసి పంపింది. కొత్త బూట్లు వేసుకుని సైటులోకి అడుగుపెట్టాను.

"మాస్టారి అబ్బాయిగారాండి? దయచేయండి. పైల్ దేని మీద నిలబడుద్దో చెప్తారాండి?"

స్కిన్ ఫ్రిక్షన్ అన్నాను. కోణం గురించి, గోడ మీద ఇసక ఒత్తిడి గురించి గడగడా అప్పజెప్పాను. అంతా విని, "ఆయ్" అని తువ్వాలు భుజం మార్చుకున్నాడు. తరవాత నా బూట్లు విప్పించి, పక్కనే ఒక గుంటలో పోసిన ఏటి ఇసకలో నిలబడమన్నాడు. పైపుతో నీళ్ళు వదిలించాడు. ఇసక కదిలి నేను మోకాళ్ళ దాకా దిగాను. ఇంకాస్త వదిలించాడు. తొడల దాకా దిగాను. అప్పుడు నీళ్ళు కట్టించేసి, "భోజనాలండి" అని అందర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు కొబ్బరిచెట్ల నీడలో కూర్చుని కేరేజీలు విప్పుకుని తింటూ నన్ను చూశారు. నేను ఎండలో నిలబడి కాళ్ళు లాక్కున్నాను. రాలేదు. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పట్టేసింది. నీళ్ళు ఇంకిపోయాక సిమెంటులో పాతేసినట్టు అయిపోయింది. మజ్జిగ కూడా తాగాక, ఆయన ఈనెపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"పైకి రండి ఇంజనీరుగారు."

"రావట్లేదండి."

"ఎందుకండి?"

"పట్టేసిందండి."

"ఈ మాట ఇందాక చెప్పలేదేంటండి?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి, "అవి కూడా ఇసకలోకే వదిలేస్తున్నారాండి" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు ఒక చెంబుడు నీళ్ళు నా కాలి పక్కనే సన్నగా పోస్తూ, కాలు మెల్లగా ఆడించమన్నాడు. ఆడిస్తే నీళ్ళు దూరాయి. పట్టు వదిలింది. వెన్నలోంచి చాకు వచ్చినట్టు వచ్చేసింది కాలు.

"మనిషికీ ఇసకకీ మధ్యన జారేది ఏది దూరినా పట్టు పోయినట్టేనండి. మరిచిపోకండి" అన్నాడు.

మరిచిపోలేదు. నాలుగేళ్ళ చదువులో రానిది మధ్యాహ్న భోజనం అంత సేపట్లో వచ్చింది. కానీ ఆ నవ్విన గొంతులు కూడా మరిచిపోలేదు. ఆ రోజు నుంచే నేను ఆయన తప్పు చేసే రోజు కోసం చూశాను. ఏడాది పైన చూశాను. ఆయన తప్పు చెయ్యలేదు. ఒక మనిషి దుర్మార్గుడై ఉండి ప్రతిసారీ కరెక్టు కావడం ఎంత భరించలేని విషయమో, అలాంటివాడి కింద పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

రోజూ మధ్యాహ్నం ఆయన భార్య కేరేజీ తెచ్చేది. ఆయన ఇల్లు ఏటికి అవతల లంకలో. ఆవిడ రేవుకి నడిచి, పంటు మీద ఏరు దాటి, ఆటో ఎక్కి అమలాపురం దాటి మా సైటుకి రావాలి. వచ్చేసరికి చెమటలు కారుతుండేవి. ఆయన మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అందరికీ వినపడేలా, "బొమ్మిడాయిల పులుసులో ఈ రోజు ఉప్పు మరిచిపోయేరండి. రేపు బొమ్మిడాయిలు మరిచిపోకండి" అనేవాడు. ఆవిడ మొహంలో ఏమీ కనిపించేది కాదు. తిన్నాక గిన్నెలు సర్దుకుని, "వస్తానండి" అని మళ్ళీ ఆటో కోసం నిలబడేది. ఒకసారి నేను జాలిపడి, రోజూ ఇంత దూరం ఎందుకమ్మా, ఇక్కడ మెస్సు ఉంది కదా అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఆయన చూపులాగే ఉంది.

ఆయన మెత్తబడ్డది నేను ఒకే ఒక్క విషయంలో చూశాను. ఆ లంకకి వంతెన మంజూరైంది. పని మా కంపెనీకే వస్తుందన్నారు. మా మేనేజరు ఆయనకి మాట ఇచ్చాడు, ఈ కళ్యాణమండపం పని అవగానే వంతెన మీద పెద్ద మేస్త్రి ఆయనేనని. పుట్టిన దగ్గర్నుంచీ పంటు కోసం రేవులో నిలబడ్డ మనిషి. ఊళ్ళ నిండా పరాయివాళ్ళ మేడల కింద, మిల్లుల కింద స్తంభాలు దింపాడు. తన ఏట్లో, తన రేవులో ఒక్కటి దింపలేదు. ఆ మాట వచ్చినప్పుడు ఆయన గొంతులో వెటకారం ఉండేది కాదు.

"మూడో కాలు పాత రేవు మీద పడుద్దండి. అది నా చేత్తోనే దింపాలండి. ఆ తరవాత ఇంట్లో కూర్చోమన్నా కూర్చుంటాను" అనేవాడు. జీవితంలో ఆయన నోరు తెరిచి కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే. అది నాకు తెలుసని గుర్తుపెట్టుకోండి.

ఇక కళ్యాణమండపం. బండారులంక దారిలో కొబ్బరితోట కొట్టేసి కడుతున్నారు. ఓనరుగారు చాలా ఏళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చినాయన, మంచి మనిషి, భయస్థుడు. మొదటి పైల్‌కి గొయ్యి తవ్వడం మధ్యాహ్నం మూడింటికి అయిపోయింది. పద్ధతి ప్రకారం సాయంత్రంలోగా కాంక్రీటు పడిపోవాలి. ఎందుకంటే, ఇసక గోడలు కూలకుండా గొయ్యి నిండా బెంటొనైట్ కలిపిన నీళ్ళు ఉంటాయి. బెంటొనైట్ అంటే ఒక రకం బంకమట్టి. కాసేపే ఉంటే గోడల్ని కాపాడుతుంది. చాలాసేపు ఉంటే గోడకి జిగురులా పేరుకుంటుంది. దాని మీద కాంక్రీటు పోస్తే స్తంభానికీ ఇసకకీ మధ్య ఆ జిగురే మిగులుతుంది.

ఓనరుగారు కారు దిగి వచ్చి, "ఇంజనీరుగారూ, ఈ రోజు బాగోలేదంటండి. మురమళ్ళ నుంచి సిద్ధాంతిగారు చెప్పేరు. రేపు పొద్దున్న తొమ్మిదింబావుకి దివ్యంగా ఉందంట. మొదటి స్తంభం కదండి, ముహూర్తం లేకుండా ఎలాగండి" అన్నాడు.

నేను సరేనన్నాను. పొద్దున్నే గోడలు మళ్ళీ గీకించేసి కాంక్రీటు పోసేద్దామని మేస్త్రిగారికి చెప్పాను. "రెండు గంటలు పట్టుద్దండి, ఏడింటికి మొదలెట్టాలి" అన్నాడు. సరే అనుకున్నాం.

పొద్దున ఏడింటికి మేం వెళ్ళేసరికి ఓనరుగారి చుట్టాలు మాకంటే ముందే వచ్చేశారు. గొయ్యి చుట్టూ ముగ్గు వేశారు. దాని మీదుగా కొబ్బరాకుల పందిరి. గొయ్యి తవ్వే మా మూడుకాళ్ళ స్టాండుకి మామిడి తోరణాలు, వించికి పసుపు కుంకం, తాడుకి బంతిపూల దండ. ఇప్పుడు యంత్రం తిప్పితే ముగ్గు పోతుంది, పందిరి పోతుంది, ముహూర్తానికి ముందు ముట్టుకోవడం అరిష్టం అని పెద్దావిడ ఎవరో అడ్డం నిలబడింది. నేను ఓనరుగారితో మెల్లగా చెప్పాను. ఆయన పట్టుపంచెలో చేతులు నలుపుకుంటూ, "కుంచెం చూడండి బాబూ" అన్నాడు. నేను చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదైంది. ఎనిమిదిన్నర అయింది. కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది.

అప్పుడు మేస్త్రి ముగ్గు చెరగకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ గొయ్యి దగ్గరకి వెళ్ళి, పొడవాటి కడ్డీ దించి, గోడ మీంచి గీకి తెచ్చాడు. బూడిద రంగు జిగురు. నా మణికట్టు పట్టుకుని దాన్ని చర్మం మీద మందంగా పూశాడు. పూసి, పిడికిలి బిగించి నా చేతిని పట్టుకుని, "లాక్కోండి" అన్నాడు. లాక్కున్నాను. సర్రున వచ్చేసింది.

"చూసేరు కదండి. ఇది పోస్తే నిలబడదండి. ముగ్గు చెరిపించండి. నేను చెప్తే ఓనరుగారు వినరు. తమరు ఇంజనీరుగారు, తమరు చెప్పాలి."

అంత సూటిగా, వెటకారం లేకుండా ఆయన నాతో మాట్లాడ్డం అదే మొదటిసారి. నేను వాచీ చూశాను. తొమ్మిది అవుతోంది. వంద మంది జనం ఉన్నారు. మేళం మొదలైంది.

"ముహూర్తం దాటిపోద్దండి మేస్త్రిగారు" అన్నాను.

"తమరికి ముహూర్తాలు లేవు కదండీ. మరి తమరు దేనికండి భయపడతన్నారు?"

ఓనరుకి భయపడ్డానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. పనివాళ్ళందరి ముందూ, వంద మంది ముందూ ఆయన మళ్ళీ ఒకసారి కరెక్టు కావడం నాకు ఇష్టం లేదు. ఆయన మాట విని నేను పని ఆపించానని సాయంత్రం కొబ్బరిచెట్ల కింద కూర్చుని వాళ్ళు చెప్పుకుంటారు. అది పడలేకపోయాను. అంతే సంగతి, ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

"పోసేద్దామండి" అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. తువ్వాలు తీసి దులిపాడు. రెండో భుజం మీద వేసుకున్నాడు.

"ఆయ్" అన్నాడు.

పోసేశాం. ఓనరు దంపతులు నవధాన్యాలు వేశారు. అందరికీ పులిహోర పెట్టారు. మేస్త్రి తినలేదు.

నెల దాటాక పరీక్ష. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు, అన్నిటికంటే ముందు గట్టిపడింది అదే కదా అని ఆ మొదటి పైల్‌నే ఎంచుకున్నారు. దాని మీద ఇనప దూలాలతో మంచె కట్టి, ఇసక బస్తాలు పేర్చి, కింద జాకీ పెట్టి, పైల్ ఎంత దిగుతోందో చూపించే గడియారం లాంటి మీటర్లు బిగించారు. బరువు పెంచుతూ పోయారు. సగం బరువు దాకా ముల్లు కొంచెం కదిలి ఆగింది. తరవాత ఆగలేదు. ఎవరూ ఏమీ చెయ్యకుండానే తిరుగుతూ పోయింది. హైదరాబాద్ మనిషి మీటరు పాడైందేమోనని తట్టి చూశాడు.

మేస్త్రి గొంతుకూర్చుని చూస్తున్నాడు. మొహం నిండా సంతోషం. దాచుకోలేదు కూడా.

"ఈయన దయచేస్తన్నారండి" అన్నాడు.

ఆ సంతోషం నేను క్షమించలేకపోయాను. ఆ తరవాత నేను చేసింది ఆ సంతోషం వల్ల చేశానని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది.

మర్నాడు సైటు షెడ్డులో విచారణ. బల్లకి అవతల మా మేనేజరు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, మా వైపు వచ్చి మూడు నెలలైంది. గొయ్యి అన్ని గంటలు ఉంచి, గీకకుండా పొయ్యమన్నది ఎవరని అడిగాడు. ఎదురుగా నేనూ మేస్త్రీ నిలబడ్డాం.

నేను చెప్పాను, "మేస్త్రిగారితో పోసేద్దామన్నాను సార్. ఆయ్ అన్నారు."

"ఆయ్ అంటే?"

"సరే అని సార్."

ఆ జిగురు సంగతి చెప్పలేదు. ముగ్గు చెరిపించమన్న సంగతి చెప్పలేదు. ఆడిన ప్రతి మాటా నిజమే, ఆ చివరి మాట తప్ప. అది కూడా నిఘంటువు తీసి చూస్తే తప్పు కాదు.

మేనేజరు ఆయన వైపు తిరిగాడు. "మీరు ఆయ్ అన్నారా?"

"అన్నానండి."

"అంటే సరే అన్నారు."

"ఆయ్ అన్నానండి."

"ఆయ్ అంటే సరే అనేగా?"

ఆయన నన్ను చూశాడు. నేను గోడకి వేలాడుతున్న క్యాలెండర్ చూశాను. ఒక్క మాట చాలు. నా మణికట్టు పట్టుకుని చూపించినా చాలు. బయట పదిమంది పనివాళ్ళు ఉన్నారు, పిలిస్తే సాక్ష్యం చెప్పేవాళ్ళు. ఆయన చెప్పలేదు.

"ఇంజనీరుగారు చదువుకున్నవారండి. ఆరు ఏమంటే అదే అర్థం" అన్నాడు.

గెలిచానా, ఓడానా అని నేను చాలా రోజులు ఆలోచించాను. కళ్యాణమండపానికి ఆ పైల్‌కి అటూ ఇటూ రెండు కొత్తవి వేశారు. ఇప్పుడు అందులో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. ఎవరేం చెప్పినా సరే అనే మేస్త్రి వంతెనకి పనికిరాడని మేనేజరు రాసేశాడు. వంతెన మీదకి నన్ను వేశారు.

ఆయన మళ్ళీ ఎక్కడా పైలింగ్ పని పట్టలేదు. అడిగిన చోట్ల ఇవ్వలేదని కొందరు, ఆయనే అడగలేదని కొందరు అన్నారు. రెండేళ్ళకి నేను లారీలు మాట్లాడ్డానికి మండపేటలో ఒక రైసుమిల్లుకి వెళ్ళాను. గేటు తీసింది ఆయన. ఖాకీ చొక్కా. చేతిలో విజిల్. నా కారు కోసం గేటు బార్లా తీసి, పక్కకి నిలబడి, "దయచేయండి ఇంజనీరుగారు" అన్నాడు.

లోపల పని చూసుకుని వస్తుంటే కారు ఆపాడు. కిటికీ దించాను. తిడతాడేమో, తిడితే బాగుండునేమో అనుకున్నాను.

"మూడో కాలు ఎంతకి దింపుతున్నారండి?"

"ముప్పై మీటర్లండి."

ఆయన కిటికీ మీద చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ లెక్క వేసుకున్నాడు. "చాలదండి. అక్కడ మా పాత రేవు. వరదకి కోసుకుపోయి మళ్ళీ పూడిందండి. పైన ఇసక పలుకుద్ది, కింద అంతా మూగ. ఇంకో ఐదు మీటర్లు పోనివ్వండి. అక్కడే మళ్ళీ మట్టి తీయించి చూడండి, తెలుస్తాది."

అంత చెప్పి, విజిల్ ఊది, నా వెనక వస్తున్న లారీకి దారి చూపించాడు. మళ్ళీ నా వైపు తిరగలేదు.

నేను మట్టి తీయించాను. ఆయన చెప్పినట్టే అడుగున మెత్తటి ఒండ్రు. లోతు పెంచమని రాశాను. పెద్ద ఇంజనీర్లు వచ్చి చూసి, ఇంత చిన్న వయసులో ఇంత జాగ్రత్త ఏంటయ్యా అని మెచ్చుకున్నారు. మీకెలా అనుమానం వచ్చిందని ఒకాయన అడిగాడు. ఇసక నలిపి చూశానండి అన్నాను. ఆ అబద్ధం ఆడేటప్పుడు నా బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆయన లాగే చెవి దగ్గర పెట్టి చూపించాను కూడా. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఆ మూడో కాలు అన్నిటికంటే గట్టిగా నిలబడింది. వంతెన తెరిచి ఇప్పటికి ఏడాదిన్నర.

ఆయన పోయిన పదకొండో రోజున లంకకి వెళ్ళాను. కారులోనే, ఆ వంతెన మీంచే వెళ్ళాను. ఏరు దాటడానికి రెండు నిమిషాలు పట్టలేదు. దారంతా ఏం చెప్పాలో మననం చేసుకుంటూనే ఉన్నాను. ఆ రోజు ఆయన వద్దన్నాడు, నేనే పోయించాను, ఆ తరవాత అబద్ధం చెప్పాను, మూడో కాలు కూడా ఆయనదే. నాలుగు ముక్కలు. ఆవిడ తిడుతుంది, లేకపోతే ఏడుస్తుంది. ఏదైనా సరే, అయిపోతుంది. ఐదేళ్ళుగా చర్చిలో మోకరించిన ప్రతిసారీ ప్రార్థనకి అడ్డం పడుతున్నది తొలగిపోతుంది.

ఇంటి ముందు పందిరి విప్పుతున్నారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. గుర్తుపట్టింది.

"కూర్చోండి బాబు. కాఫీ పెడతాను."

వద్దన్నాను. వినకుండా లోపలికి వెళ్ళింది. గ్లాసుతో వచ్చి నా చేతికిచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు కళ్యాణమండపం దగ్గర..." అని మొదలుపెట్టాను.

"కాఫీ తాగండి బాబు, చల్లారిపోద్ది."

ఒక గుక్క తాగాను. "మేస్త్రిగారు నాతో చెప్పేరమ్మా, నేనే..."

"మీరు వస్తారని ఆయన చెప్పేరండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. మార్కెట్టు నుంచి ఏం తేవాలో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆస్పత్రిలో ఉండగా చెప్పేరండి. ఇంజనీరుగారు తప్పకుండా వస్తారు, మర్యాద తెలిసినవారు. వస్తే కుర్చీ వెయ్యండి, కాఫీ ఇవ్వండి. ఒక మాట చెప్పబోతారు, ఆ మాట మటుకు వినొద్దండి అన్నారు. చెప్పేస్తే ఆరికి తేలికైపోద్దంట. మొయ్యనివ్వండి అన్నారండి."

పందిరి విప్పుతున్నవాళ్ళు వాసాలు కింద పడేస్తున్నారు. ఆవిడ వాళ్ళ వైపు చూసి, మెల్లగా దించమని చెప్పి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"మరి, ఆయన మాట ఎప్పుడూ కాదనలేదు కదండి నేను. ఇంకోటి ఏదైనా చెప్పండి బాబు. పిల్లలు బాగున్నారాండి?"

బాగున్నారండి అన్నాను. అబ్బాయిని ఈ ఏడే బడిలో వేశామని చెప్పాను. గ్లాసు ఖాళీ చేశాను. ఆవిడ అందుకుని, "వెళ్ళిరండి" అని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద కారు ఎక్కడా ఆపలేదు.

ఇప్పుడు ఇదంతా మీకు చెబుతున్నాను. చెబితే తేలికవుతుందేమోనని చూశాను. అవ్వలేదు. వినాల్సింది మీరు కాదు.